బంతి దిగేదాకా

సోమవారం పాస్టరు ఎల్డన్ రీమర్‌కి సెలవు. ఆ సంగతి ఆయనకి తప్ప బెన్‌బో ఊళ్ళో ఇంకెవరికీ గుర్తుండదు. ఆ సోమవారం పొద్దున కూడా పాలలో కార్న్‌ఫ్లేక్స్ పోసుకుని చెంచా ముంచాడో లేదో ఫోన్ మోగింది. చర్చిలో ఏసీ మళ్ళీ నీళ్ళు కారుస్తోందని బెర్నీస్ చెప్పింది. బెర్నీస్ చర్చి ఆఫీసు చూసుకునే ఆవిడ. ఏది కారినా, ఏది విరిగినా పాస్టరు చెవిన వేస్తే సగం బాగుపడినట్టేనని ఆవిడ నమ్మకం.

ఆయన వెళ్ళి కింద బకెట్ పెట్టాడు. బకెట్ పెడుతుండగానే పెళ్ళి కుదిరిన జంట ఒకటి వచ్చి, పెళ్ళి ఉంటుందో ఉండదో తెలీదుగానీ శనివారానికి హాలు మాత్రం అట్టే పెట్టమంది. అక్కణ్ణుంచి ఆస్పత్రికి వెళ్ళి తుంటి విరిగిన ఒకావిడ దగ్గర కూర్చున్నాడు. ఆవిడ తుంటి ఊసెత్తకుండా కోడలి గురించే చెప్పుకొచ్చింది. దారిలో వృద్ధాశ్రమం దగ్గర ఆగి డ్వేన్ పెనర్‌ని పలకరించాడు. ముప్పై ఏళ్ళుగా చర్చి మీటింగుల్లో పాస్టరు ఏమన్నా అడ్డం తిరిగిన ఘనుడు డ్వేన్. ఇప్పుడు మంచానికి అంటుకుపోయాడు. అయినా గొంతు తగ్గలేదు.

"ఆ నీలం తివాచీ వేయించావు చూడు, అది చూసే నాకు జబ్బు చేసింది" అన్నాడు.

తిరిగి వచ్చేసరికి వేసవి బైబిలు బడి పిల్లల కోసం కత్తిరించాల్సిన రంగు కాగితాలు బల్ల నిండా ఉన్నాయి. బుధవారం ఒకరి అంత్యక్రియలు. ఆదివారం ప్రసంగం. ప్రసంగానికి ఒక్క ముక్కా తోచలేదు. ఎల్డన్‌కి డెబ్బై దగ్గర పడుతున్నాయి. అలసట మోకాళ్ళలో మొదలై ఈమధ్య మాటల్లోకి కూడా ఎక్కింది. ఒకరి కోసం ప్రార్థన మొదలుపెట్టి, మధ్యలో వాళ్ళ పేరు మరిచిపోయి, "వీళ్ళందరినీ" అని ముగిస్తున్నాడు. దేవుడు సర్దుకుంటాడులే అనుకుంటున్నాడు.

సాయంత్రం మనవళ్ళ బేస్‌బాల్ ఆట ఉంది. ఈ ఏటికి అదే ఆఖరిది. కార్సన్‌కి పన్నెండేళ్ళు, బంతి విసిరేది వాడే. చెల్లెలు జోసీకి పదేళ్ళు. దాన్ని కుడి చివర నిలబెడతారు. బంతి అరుదుగా వచ్చే చోటు అది. పట్టడం రానివాళ్ళందరినీ అక్కడే నిలబెడతారని ఊళ్ళో అందరికీ తెలుసు, జోసీకి అందరికంటే బాగా తెలుసు.

బయల్దేరే ముందు కూతురు కొరీన్‌కి ఫోన్ చేశాడు. ఆమె ఆ వృద్ధాశ్రమంలోనే నర్సు.

"జోసీకి మాటిచ్చాను. ఈసారి చివరిదాకా ఉంటానని."

"నాన్నా, నువ్వు ఉండగలిగినంతసేపు ఉండు. చివరిదాకా అని మాత్రం దానికి చెప్పకుండా ఉండాల్సింది."

ఆమె కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. కొరీన్ కూడా చిన్నప్పుడు ఆడేది, అన్నేళ్ళలో ఆయన ఒక్క ఆటా పూర్తిగా చూడలేదు. ఎవరికో గుండెనొప్పి, ఎవరి ఇంట్లోనో గొడవ, ఎవరో పోయారు. మూడో ఇన్నింగ్స్‌కల్లా లేచి వెళ్ళిపోయేవాడు. నాలుగేళ్ళ కిందట చలికాలంలో డ్వేన్ భార్య వెల్మా ఆఖరి ఘడియల్లో ఉంటే, ఆవిడ చేయి పట్టుకుని కూర్చున్నాడు. ఆ సాయంత్రమే తన భార్య ఆర్డిస్ ఇంట్లో కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. పక్కన కొరీన్ ఒక్కతే ఉంది. దాని గురించి తండ్రీ కూతుళ్ళు ఏనాడూ మాట్లాడుకోలేదు.

మైదానం ఊరి పడమర చివర. కంచె అవతల ఒకవైపు సమాధులు, ఇంకోవైపు కాన్సస్ గోధుమలు. కోతలు నడుస్తున్నాయి కాబట్టి గాలంతా పొట్టు. ఎల్డన్ కుడివైపు కంచె పక్కనున్న మెట్ల బల్లల మీద కూర్చున్నాడు. ఎవరో పొద్దుతిరుగుడు గింజల పొట్లం చేతిలో పెట్టారు. పక్కనున్నాయన వాన పడకుండా ప్రార్థించమన్నాడు. వెనకావిడ తన తోటకి వాన కావాలంది. ఆయన ఇద్దరికీ తలూపాడు. రెండో ఇన్నింగ్స్‌కల్లా గడ్డం ఛాతీమీదకి వాలింది.

ఆటల విషయంలో ఆయనకొక నియమం ఉంది. ఎవరెంత అడిగినా గెలుపు కోసం ప్రార్థించడు. అవతలి జట్టులోనూ చర్చికి వచ్చేవాళ్ళుంటారు కదా అంటాడు. నలభై ఏళ్ళ నియమం అది. ఆ సాయంత్రం నిద్రలో పోయింది.

ఆఖరి ఇన్నింగ్స్. మనవాళ్ళు ఒక్క పరుగు ముందున్నారు. ఇంకొక్కణ్ణి అవుట్ చేస్తే గెలుపు. అవతలివాళ్ళు ముగ్గురు పరుగుకి కాచుకుని ఉన్నారు. తన చోటి నుంచి నాలుగడుగులు వెనక్కి జరిగి జోసీ కంచె పక్కన ఆగింది, తాతయ్య కాళ్ళకి దగ్గరగా. కళ్ళు మూసుకుని చిన్నగా గొణిగింది.

"దేవా, బంతిని నా వైపు రానీయకు. వచ్చినా కింద పడనీయకు."

మగత నిద్రలో ఎల్డన్ చెవికి మాటలు అందలేదు, ఆ ధోరణి మాత్రం అందింది. ఒకరు ఆ ధోరణిలో మాట్లాడి ఆపితే ఏమనాలో ఆ నోటికి అలవాటే.

"ఆమెన్" అన్నాడు.

బ్యాటు చప్పుడికి మెలకువ వచ్చింది. బంతి కుడివైపుకే లేచింది. పైకి, ఇంకా పైకి వెళ్ళింది, గోధుమల గోదాము కప్పు దాటింది, సరిగ్గా జోసీ నెత్తి మీద ఆగిపోయింది. దిగలేదు. జోసీ గ్లౌజు చాపి నిలబడింది. ముగ్గురు పిల్లలూ పరిగెత్తి గమ్యం తొక్కేసి, వెనక్కి తిరిగి పైకి చూశారు.

కోచ్ నోట్లోని గింజల పొట్టు ఉమ్మి, నుదుటిమీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "ఇది ఉండేటట్టుంది" అన్నాడు.

అంపైరు స్కూలు బస్సు నడిపే మనిషి. సున్నం డబ్బా తెచ్చి, జోసీ కాళ్ళ చుట్టూ తెల్లగా ఒక గుండ్రం గీశాడు. జనం కుర్చీలు మడుచుకుని లేచారు. బెన్‌బోలో బంతి నిలవడం కొత్తేం కాదు. పెద్ద వడగళ్ళు పడిన ఏడాది ఒకటి కోతలయ్యేదాకా నిలిచింది. దానికి పద్ధతులున్నాయి. బంతి దిగేదాకా ఆట అవ్వదు, తీసిన పరుగులు లెక్కకి రావు. కింద ఉన్నవాళ్ళు గుండ్రంలోనే ఉండాలి. తిండికో నిద్రకో వెళ్ళాల్సి వస్తే, ఆ చోట రక్తసంబంధం ఉన్నవాళ్ళే నిలబడాలి, అదే ఆటలో ఉన్నవాళ్ళు పనికిరారు. పొద్దు గూకాక ఎవరూ ఉండక్కర్లేదు, చీకట్లో బంతి పడిన దాఖలా లేదు.

కొరీన్ డ్యూటీ బట్టల్లోనే పరుగున వచ్చింది. గుండ్రాన్ని చూసి, పైకి చూసి నిట్టూర్చింది.

"వారమంతా నాకు పగటి డ్యూటీ. వాళ్ళ నాన్న కోత మిషన్లతో నెబ్రాస్కా దాటిపోయాడు. దానికేమో పొద్దున బైబిలు బడి."

"నేనుంటాను" అన్నాడు ఎల్డన్.

"ఎంతసేపు?"

"దిగేదాకా."

కొరీన్ ఆయన మొహంలోకి చూసింది. నవ్వలేదు, కాదనలేదు. "నాన్నా, నీ ఫోన్ మోగుతోంది" అంది. నిజంగానే మోగుతోంది.

మర్నాడు పొద్దున్నే ఎల్డన్ జోసీ గ్లౌజు తగిలించుకుని గుండ్రంలో నిలబడ్డాడు. వేళ్ళు సగమే దూరాయి. బెర్నీస్ మడత కుర్చీ, గొడుగు, చల్లటి టీ సీసా మోసుకొచ్చింది. కూర్చుంటే నిలబడినట్టు అవుతుందా అని అంపైరుకి ధర్మసందేహం వచ్చింది. అరవై దాటినవాళ్ళు కూర్చోవచ్చని కోచ్ తీర్పు చెప్పాడు. పొరుగూరి జట్టు కోచ్ వచ్చి, చుట్టూ తిరిగి చూసి, అభ్యంతరం లేదని చెప్పి వెళ్ళాడు.

ఇక ఊళ్ళో వాళ్ళకి పాస్టరు ఎక్కడుంటాడో మొదటిసారి కచ్చితంగా తెలిసింది. పెళ్ళి జంట కుడి చివరికే వచ్చి గడ్డిలో కూర్చుని పోట్లాడుకున్నారు. పైన బంతి వేలాడుతుంటే పోట్లాట మీద మనసు నిలవలేదేమో, కాసేపటికి ఇద్దరూ వెల్లకిలా పడుకుని దాన్నే చూస్తూ ఉండిపోయారు. చర్చి కమిటీ వచ్చి ఏసీ గురించి వాదించింది. తుంటి విరిగినావిడ కోడలు కూడా వచ్చింది, అత్తగారి గురించి చెప్పడానికి. అందరికీ ఆయన అవే మాటలు చెప్పాడు. మాటలు నాలుకకి బరువుగా తగిలాయి. ఒక్కటే తేడా. ఎప్పుడూ సగం మాటలో లేచి ఇంకొకరి దగ్గరికి పరిగెత్తేవాడు, ఇప్పుడు పోవడానికి లేదు. చెప్పేవాళ్ళు చెప్పడం అయిపోయి, ఊరికే కూర్చుని, వాళ్ళంతట వాళ్ళే లేచి పోతున్నారు.

మధ్యాహ్నం జోసీ వచ్చి పక్కన నిలబడింది. రంగు కాగితంతో చేసిన గొర్రెపిల్ల ఒకటి ఆయన చేతికిచ్చింది.

"తాతయ్యా, నువ్వు ఆమెన్ అన్నావు. అందుకే పనిచేసింది."

"దేనికి అన్నాను?"

చెప్పింది. ఆ వారం ఆయన ఎన్ని అడిగాడు. తుంటి అతకాలన్నాడు, ఆ జంట కలవాలన్నాడు, డ్వేన్‌కి నొప్పి తగ్గాలన్నాడు. నాలుగేళ్ళ కిందట ఇంకొకటి అడిగాడు, వెల్మా మంచం పక్కనుంచి, తను వెళ్ళేదాకా ఆర్డిస్ ఉండాలని. అవేవీ వినిపించుకోని దేవుడు, నిద్రలో జారిన ఒక్క మాటకి బంతిని పట్టుకుని కూర్చున్నాడు. ఆయనకి కోపం వచ్చింది. కోపం పడటానికి కూడా ఓపిక లేక కుర్చీలో వెనక్కి వాలాడు.

"కోపమొచ్చిందా తాతయ్యా?"

"నీ మీద కాదులే తల్లీ."

ఊరికే కూర్చోలేక ఆయన జోసీకి బంతులు విసరడం మొదలుపెట్టాడు. మొదటి రోజు బంతి వాళ్ళిద్దరి చేతుల్లో తప్ప మైదానమంతా పడింది. సైకిల్ మీద వచ్చిన కార్సన్ కంచెకి చేరబడి చూశాడు.

"తాతయ్యా, నువ్వు కూడా చిన్నప్పుడు కుడి చివరే ఆడేవాడివా?"

"అంత పెద్ద పదవి నాకెవరిస్తారు? నేను బెంచీ మీద ఆడాను."

"చెల్లెలికి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసింది" అన్నాడు కార్సన్. అన్నా, కంచె దూకి వచ్చి మోచెయ్యి ఎలా వంచాలో చూపించాడు. చూపిస్తూ మెల్లిగా అడిగాడు. "జోసీ, నిజం చెప్పు, పట్టుకుంటావా? లేకపోతే నేను ఇంత బాగా విసిరిందంతా బూడిదలో పోసిన పన్నీరే."

"నాకేం తెలుసు? పైనుంది అది, దాన్నే అడుగు" అంది జోసీ.

బుధవారం అంత్యక్రియలు కంచె పక్కనే. ఎల్డన్ జోసీని గుండ్రంలో పెట్టి, కంచె గేటు దాటి సమాధి దగ్గర నిలబడ్డాడు. అక్కణ్ణుంచి బంతి కనిపిస్తూనే ఉంది. మధ్యమధ్య ఆయన పైకి చూస్తుంటే పరలోకం వైపు చూస్తున్నాడనుకుని చనిపోయినాయన చెల్లెలు కళ్ళు తుడుచుకుంది. తర్వాత చర్చి హాల్లో అందరూ హ్యామ్ శాండ్‌విచ్‌లూ బంగాళాదుంపల సలాడూ తిన్నారు. ఆయన పళ్ళెం బెర్నీస్ కుడి చివరికే తెచ్చింది.

రోజూ సాయంత్రం కొరీన్ పని నుంచి వచ్చేసరికి ఆయన అక్కడే ఉన్నాడు. మంగళవారం ఆమె దాని గురించి ఏమీ అనలేదు. బుధవారం ఆయన మెడ ఎండకి కమిలిందని టోపీ తెచ్చి పెట్టింది. గురువారం గడ్డిలో పక్కన కూర్చుంది.

"నాన్నా, ఆదివారం ప్రసంగం రాసుకున్నావా?"

"లేదు."

"మరి?"

"బంతి దిగకపోతే ఇక్కడే లేచి నిలబడి, నాకేం తోచలేదని చెప్తాను."

కొరీన్ నవ్వింది. ఆర్డిస్ పోయాక ఆయన ముందు ఆమె అలా నవ్వడం గుర్తులేదు. ఆ నవ్వు పోగొట్టుకోకూడదని ఎల్డన్‌కి గట్టిగా అనిపించింది, భయమేసేంత గట్టిగా.

శుక్రవారం మధ్యాహ్నం దాటాక బెర్నీస్ నడుచుకుంటూ వచ్చింది. ఎప్పుడూ ఫోన్ చేసే మనిషి అంతదూరం నడిచి రావడంతోనే ఆయనకి సగం అర్థమైంది.

"డ్వేన్ మిమ్మల్ని అడుగుతున్నాడు పాస్టరుగారూ. ఈ సాయంత్రం దాటదన్నారు. కొరీన్ ఆఫీసుకి ఫోన్ చేసింది."

"నాకే చెయ్యొచ్చుగా?"

"మీకు చెప్తే పిలిచినట్టవుతుందంది. అడుగుతున్నాడని మాత్రం తెలియాలి కదా అంది."

ఎల్డన్ లేచాడు. నలభై ఏళ్ళలో ఆఖరి పిలుపు వచ్చాక ఆయన కాళ్ళు ఎప్పుడూ ఆయన్ని అడిగి కదల్లేదు. జోసీకి గ్లౌజు ఇచ్చాడు. అది తొడుక్కుని గుండ్రంలోకి వచ్చింది.

"వెళ్ళు తాతయ్యా. నేనుంటాను" అంది.

ఆయన తాళాలు తీసుకుని సున్నపు గీత దాకా నడిచాడు. వృద్ధాశ్రమం ఊరికి ఆ చివర. అక్కణ్ణుంచి బంతి కనపడదు. వెనక్కి తిరిగి చూశాడు. జోసీ తన వైపు చూడటం లేదు. టోపీ ముందుకి లాక్కుని, కాళ్ళు ఎడంగా పెట్టుకుని పైకి చూస్తోంది. చిన్నప్పుడు కొరీన్ కూడా అంతే. ఆయన బల్లల మీంచి లేచి పోతున్నప్పుడు ఎప్పుడూ తిరిగి చూసేది కాదు. చూడకపోతే వెళ్ళినట్టు కాదనుకునేదో ఏమో. కారు అద్దంలో ఆ టోపీ చిన్నదైపోవడం ఆయన ఎన్నిసార్లు చూశాడో.

అవతల ఒక మనిషి పోతున్నాడు. ఇక్కడ ఒక పిల్ల బంతి కోసం నిలబడింది. ఏది పెద్దదో చంటిపిల్లాడు కూడా చెప్తాడు. ఎప్పుడూ అలాగే లెక్క తేల్చుకున్నాడు, ఎప్పుడూ లెక్క సరిగ్గానే వచ్చేది. లెక్క సరిపోయిన ప్రతిసారీ ఇంట్లో ఒకరు తక్కువయ్యారు.

"బెర్నీస్, కొరీన్‌కి చెప్పు. నేను రావడం లేదని."

బెర్నీస్ సంచిలోంచి ఫోన్ తీసింది. "ఏం చెప్పమంటారు?"

"జోసీ బంతి ఇంకా దిగలేదని చెప్పు. ఆయన చెయ్యి పట్టుకోమను."

బెర్నీస్ ఫోన్ చేస్తూ వెళ్ళిపోయింది. ఆయన తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మంచి పని చేశానని అనిపించలేదు. డ్వేన్ పక్కన కొరీన్ ఉంది కదా అని తనకి తాను చెప్పుకున్నాడు. చెప్పుకున్నా గుండె బరువు దిగలేదు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తుడిచినా మసకగానే ఉంది.

జోసీ పక్క చూపులు చూసింది. "ఏడుస్తున్నావా?"

"కొంచెం."

"ఆ తాత తివాచీ గురించి తిడతాడు కదా?"

"తిట్టేవాళ్ళు కూడా పోతే తోచదు తల్లీ."

జోసీ గ్లౌజు సవరించుకుంది. "ఇక దిగమని చెప్పనా?"

"నా కోసం అయితే వద్దు. నువ్వు సిద్ధంగా ఉన్నప్పుడే."

"నీ కోసం కాదు. నాకే విసుగొచ్చింది. చేతులు లాగుతున్నాయి. పోతే పోయింది, అన్నయ్య ఒక ఏడాది సాధిస్తాడు, అంతే కదా."

"పట్టుకోగలనని అనిపిస్తోందా?"

"తెలీదు. నువ్వు చూస్తూ ఉంటావా?"

"చూస్తూ ఉంటాను."

జోసీ కళ్ళు మూసుకుంది. "దేవా, ఇంక చాల్లే. దింపేయి." ఆగింది. తాతయ్య కోసం ఎదురుచూసింది.

ఎల్డన్ కుర్చీలోంచి లేచి, టోపీ తీసి, పూర్తి మెలకువతో అన్నాడు. "ఆమెన్."

బంతి దిగడం మొదలైంది.

బల్లల దగ్గర కునుకు తీస్తున్న అంపైరు గాలి చీల్చుకొచ్చే చప్పుడికి ఉలిక్కిపడి లేచి, గుండ్రం వైపు పరిగెత్తాడు. జోసీ అప్పటికి గడ్డిలో చతికిలబడి ఉంది. గ్లౌజుని రెండు చేతులతో పొట్టకి అదుముకుంది. ఆయన వేళ్ళు విడదీసి చూశాడు, పిడికిలి పైకెత్తాడు. అవుట్. అయిదు రోజుల ఆట అయిపోయింది. చూడటానికి తాతయ్య, కోతల మీంచి వచ్చిన పిచ్చుకలు తప్ప ఎవరూ లేరు.

ఎల్డన్ జోసీని కార్లో ఎక్కించుకుని నేరుగా వృద్ధాశ్రమానికి పోనిచ్చాడు. కొరీన్ వాకిట్లో బెంచీ మీద కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది. ఆ కూర్చోవడం ఆయన ఎరుగున్నదే. తను కూడా ఎన్నో వాకిళ్ళలో అలాగే కూర్చున్నాడు.

"అమ్మా, పట్టేశాను" అని జోసీ బంతి చూపించింది. కొరీన్ దాన్ని దగ్గరికి లాక్కుని, జుట్టులో మొహం పెట్టి అలాగే ఉండిపోయింది.

"ఎంతసేపైంది?" అడిగాడు ఎల్డన్.

"ఇప్పుడే. బెర్నీస్ ఫోన్ చేసినప్పుడు ఇంకా మాట్లాడుతున్నాడు. నువ్వు రావడం లేదని చెప్పాను. ఎందుకని అడిగాడు. చెప్పాను."

"ఏమన్నాడు?"

"నవ్వాడు. 'రావొద్దని చెప్పు' అన్నాడు. 'వెల్మా దగ్గరికి వచ్చాడుగా. ఆ రోజు ఆర్డిస్ దగ్గర ఉండాల్సినవాడు మా దగ్గరున్నాడు. నాలుగేళ్ళుగా అదే చెప్పాలని పిలుస్తున్నా, తీరా వస్తే తివాచీ తప్ప ఇంకోటి నోటికి రాదు.' అంతే అన్నాడు. తర్వాత నా చెయ్యి పట్టుకున్నాడు."

ఎల్డన్ బెంచీ చివర కూర్చున్నాడు.

"నువ్వు చెప్పే ప్రార్థనే చెప్పాను నాన్నా. నేర్చుకోలేదు. గోడ అవతలినుంచి విని విని నోటికొచ్చేసింది." కొరీన్ జోసీ చేతిలోంచి బంతి తీసుకుంది. "బంతి దిగుతుందేమోనని నాకు అనిపిస్తూనే ఉంది. లేచి రావాలనుకున్నాను. అంత గట్టిగా పట్టుకుంటే చెయ్యి ఎలా లాక్కుంటాం? ఎలా లాక్కుంటాం నాన్నా? నీకెప్పుడూ ఇలాగే ఉండేదా?"

"ఎప్పుడూ."

"నువ్వు చెప్పలేదెప్పుడూ."

"నువ్వు అటు తిరిగి నిలబడేదానివి కదా."

కొరీన్ కళ్ళు తుడుచుకుంది. కూతురి టోపీ సరిచేసింది. "ఎలా పట్టావే? చెప్పు."

"నాకేం తెలుసు? కళ్ళు మూసుకున్నాను" అంది జోసీ. "తాతయ్యని అడుగు. తాతయ్యే చూశాడు."

ఇద్దరూ ఆయన వైపు తిరిగారు. ఎల్డన్ గొంతు సవరించుకున్నాడు. ఏ ఆట చివరా ఆయన ఎవరికీ చెప్పి ఎరగడు. కొరీన్ ఆటలు ఎలా ముగిశాయో ఎప్పుడూ మర్నాడు ఆర్డిస్ చెబితేనే విన్నాడు.

"ముందు నేరుగా వస్తోందనుకున్నాను. సగం దిగాక గాలికి కొంచెం కంచె వైపు జరిగింది. ఇది కళ్ళు మూసుకునే ఉంది. అయినా ఎడమ కాలు వెనక్కి వేసింది, ఎందుకు వేసిందో దేవుడికే తెలియాలి..."

జేబులో ఫోన్ మోగింది. ఆయన చెయ్యి అలవాటుగా జేబు వైపు వెళ్ళింది. కొరీన్ అంతకంటే ముందే తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

"బెర్నీస్, నాన్న తర్వాత చేస్తారు" అంది. "ఇప్పుడు ఆట చూస్తున్నారు."

ఫోన్ బెంచీ మీద బోర్లా పెట్టి, ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"ఊఁ. ఎడమ కాలు వెనక్కి వేసింది. తర్వాత?"